వేరుగడ్డ లేని పొదలు

నాన్నను టూవూంబా నేలలో పడుకోబెట్టి, పెర్త్‌కు తిరిగి వెళ్తూ సిడ్నీలో ఒక పూట ఆగాను. ఆగవలసిన పనేమీ లేదు. పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో ఇల్లు తాళం వేసి ఉంది, ఆఫీసులో సెలవు అయిపోవచ్చింది. అయినా అద్దె కారు తీసుకుని, నా కూతురు ఆయేషాను పక్కన కూర్చోబెట్టుకుని హెలెన్స్‌బర్గ్ దారి పట్టాను. వెంకటేశ్వరస్వామి గుడి దాటి కొంత దూరం పోతే ఒక మట్టిబాట వస్తుంది. అది ఎక్కితే సముద్రం వైపు చూసే ఇసుకరాతి గట్టు. మేం వెళ్ళేసరికి గట్టంతా బ్యాంక్సియా పొదలు పూసి ఉన్నాయి. మొక్కజొన్న కండెలంత పూలు, తేనె రంగువి, కొమ్మ కొమ్మకీ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆయేషా ఫోన్ తీసి ఫొటోల మీద ఫొటోలు తీసింది. "సో ప్రెటీ, మమ్! తాత యూజ్డ్ టు కమ్ హియర్, రైట్? హీ మస్ట్ హావ్ లవ్డ్ దీజ్," అంది. అవునన్నాను. తాత ప్రేమించినవి ఇవి కావనీ, వీటి మధ్యే అచ్చం వీటిలాంటి మరో పొద ఉండేదనీ, ఆ లోటు ఇప్పుడిక్కడ ఎవరి కంటికీ కనిపించదనీ ఆ గాలిలో నిలబడి చెప్పలేకపోయాను.

మేం ఈ దేశానికి వచ్చింది అమ్మ వెనకాల. ఆ మాట చెబితే ఇప్పటికీ కొందరు సరిగ్గా వినపడనట్టు మళ్ళీ అడుగుతారు. కొత్త శతాబ్దం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని గోల పుట్టిన రోజులవి. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాళ్ళ కోసం దేశదేశాలూ గాలిస్తున్నాయి. మా అమ్మ రజియా రోజూ బాపట్ల నుంచి ప్యాసింజరు రైల్లో గుంటూరు వెళ్ళి, ఒక బ్యాంకు కంప్యూటర్ సెక్షన్లో ఆ భాషతోనే ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన మనిషి. ఆమెకు సిడ్నీ నుంచి పిలుపొచ్చింది. నాన్న మస్తాన్ వలి బాపట్లలో కాలేజీ లెక్చరరు, చెప్పేది బోటనీ. ఊళ్ళో అందరికీ మస్తాన్ మాస్టారు. పెళ్ళాం కొంగు పట్టుకుని పోతున్నాడని స్టాఫ్ రూములో నవ్వుకున్నారట. నాన్న ఆ నవ్వుని పట్టించుకోలేదు. "మీ అమ్మ అక్కడ కంప్యూటర్లని బాగు చేస్తది, నేను చెట్లు చూసుకుంటా. చూడని చెట్లు ఎన్నున్నాయో ఆ దేశంలో!" అన్నాడు నాతో. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను.

సిడ్నీకి దక్షిణాన, రైలు స్టేషను దగ్గర రెండు గదుల ఫ్లాట్‌లో దిగాం. వచ్చిన వారంలోనే నాన్న నన్ను సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళి, పొడుగాటి సూదుల చెట్టు కింద నిలబెట్టి, కళ్ళు మెరుస్తుండగా, "గుర్తుపట్టావా షమ్మూ? మన సూర్యలంకలో సరుగుడు తోట! దీని పుట్టిల్లు ఇదేనే. మనకంటే ముందు అదే వలస వచ్చింది మనూరికి," అన్నాడు. ఇంట్లో వంట నాన్నదే అయింది. పొద్దున్నే అమ్మకి క్యారేజీ కట్టి, నన్ను బడికి పంపి, మధ్యాహ్నం చేపల పులుసు పెట్టేవాడు. నేను బడి నుంచి తలుపు తీసేసరికి చింతపండు, మెంతులు, మాగిన ఆకుల వాసన కలగలిసి వచ్చేది. ఆ ఆకుల వాసన ఎందుకంటే మంచం కింద పాత న్యూస్‌పేపర్ల మధ్య కొమ్మలు ఆరుతుండేవి. వాటి మీద బరువుకి బియ్యం బస్తా, దాని మీద అమ్మ కోబాల్ పుస్తకాలు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ ఒక పుస్తకం కావాలంటే నాన్న బస్తాతో సహా అన్నీ దింపి, మళ్ళీ పేర్చేవాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర చెరోవైపు కూర్చునేవారు. అమ్మ గజాల కొద్దీ ప్రింటౌట్ల మీద ఎర్ర పెన్నుతో సంవత్సరం రెండంకెల్లో ఉన్నచోటల్లా సున్నా చుట్టేది. నాన్న భూతద్దంతో ఆకు అంచులు చూసేవాడు. ఇల్లు అంత నిండుగా నాకు మళ్ళీ ఎప్పుడూ అనిపించలేదు.

నాన్న ఉద్యోగం కోసం తిరగకపోలేదు. యూనివర్సిటీకి వెళ్ళాడు, నర్సరీలకి వెళ్ళాడు, బళ్ళలో అడిగాడు. ఒకచోట చదువు ఎక్కువైందన్నారు, ఒకచోట లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదన్నారు. మా పై అంతస్తులో ఉండే మూర్తి అంకుల్ కూడా అమ్మలాగే వైటూకే పని మీద వచ్చినాయన. ఆయన మంచి మనసుతోనే చెప్పేవాడు. "మాస్టారూ, ఈ బూమ్‌లో బాటనీ ఎవడిక్కావాలండీ? త్రీ మంత్స్ టెస్టింగ్ కోర్స్ చేసెయ్యండి. ట్యాక్సీ వాళ్ళు కూడా చేసి ఆఫీసులో కూచుంటన్నారు. నేను రిఫర్ చేస్తాగా!" నాన్న నవ్వి, "నాకు ఆకు మీద ఈనెలు కనపడ్డట్టు ఆ తెర మీద అక్షరాలు కనపడవు మూర్తిగారూ," అనేవాడు. మూర్తి అంకుల్‌కి శని, ఆదివారాలు కూడా ఆఫీసే. ఆయన తల్లి నరసమ్మగారు శనివారం వెంకన్న దర్శనం లేనిదే మంచినీళ్ళు ముట్టదు. గుడికి కారు తప్ప దారి లేదు. అలా శనివారం శనివారం ఆవిణ్ణి హెలెన్స్‌బర్గ్ తీసుకెళ్ళే పని నాన్న మీద పడింది. నేను వెనక సీటు. ఆవిడ లోపల పూజలూ అర్చనలూ చూసుకుని, తోటి ఆడవాళ్ళతో కష్టసుఖాలు చెప్పుకునే లోపల, నాన్నా నేనూ ఆ గట్టెక్కేవాళ్ళం. పొద్దు వాలకముందు నాన్న బండ మీద తువ్వాలు పరిచి నమాజు చేసుకునేవాడు. దిగొచ్చేసరికి నరసమ్మగారు పులిహోర పొట్లాలతో కారు దగ్గర నిలబడి ఉండేది. "ముందు తిను నాయనా, ఆ చెట్లెక్కడికి పోతయ్," అనేది.

ఆ గట్టు మీద ఉన్న బ్యాంక్సియా మామూలుదేనని అందరూ అనుకునేవారు. అక్కడ పొదలు తెలిసిన మనిషి మార్గరెట్ అని ఒకావిడ ఉండేది. బడిలో సైన్సు చెప్పి రిటైరయి, తోటివాళ్ళతో కలిసి ఆదివారాలు అడవిలో పిచ్చిమొక్కలు పీకేది. ఆవిడా మొదట అలాగే అనుకుంది. నాన్నకే ఒక రోజు ఎందుకో కొన్ని పొదలు తేడాగా అనిపించాయి. మామూలు పొద నేలలోంచే ఆరేడు కాడలుగా లేస్తుంది. దాని మొదట్లో, మట్టిలో సగం మునిగి, కొబ్బరికాయంత గడ్డ ఉంటుంది. పైనంతా కాలిపోయినా ఆ గడ్డలోంచి మళ్ళీ చిగురు వేసుకుంటుంది. నాన్న కంటబడ్డవి ఒంటికాడవి. వంటింట్లోంచి తెచ్చిన అట్లకాడతో మొదలు చుట్టూ ఇసుక తీసి చూస్తే గడ్డ లేదు, కాడ తిన్నగా వేరులోకి దిగిపోయింది. ఆకు రవ్వంత ఎక్కువ వెడల్పు. మామూలు దానికి ఆకు కొసనే పళ్ళుంటే, దీనికి అంచు పొడుగునా ఉన్నాయి. లేత చిగురు మీద గోధుమరంగు నూగు. పువ్వులు మాత్రం పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చలేనంత ఒకటే. నాన్న రెండు రెమ్మలు వీపు వెనక దాచి నాకు పరీక్ష పెట్టేవాడు. నేను తప్పు చెబితే, "కళ్ళతో కాదమ్మా, బొటనవేలుతో చూడు. అంచు మీద రాయి, అదే చెబుద్ది," అనేవాడు. రాయగా రాయగా నా వేలికీ తెలిసింది. ఆ గట్టు మీద తప్ప మరెక్కడా ఆ ఒంటికాడ పొద మాకు కనపడలేదు. మార్గరెట్ మాతో ఎన్నో శనివారాలు తిరిగి, చివరికి ఒక రోజు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, "మస్టాన్, ఐ థింక్ నోబడీ హాజ్ సీన్ దిస్ బిఫోర్ యూ," అంది. నాన్న ఇంటికొచ్చి అమ్మకి ఆ మాట చెప్పలేక చెప్పలేక చెప్పాడు. అమ్మ ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ఆయన చేతులు పట్టుకుని, "మరి దానికి పేరు పెట్టేది నువ్వేనా?" అని అడిగింది.

అనుమతి తీసుకుని కోసిన నాలుగు రెమ్మలు, ఎండిన ఒక పూవు పట్టుకుని మార్గరెట్, నాన్న, నేను మొక్కల నమూనాలు దాచే పెద్ద ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి నిపుణుడు కుర్రవాడు, చాలా మర్యాదస్థుడు. అన్నీ మైక్రోస్కోపు కింద చూశాడు. గాలికి, రాతినేలకి ఒకే జాతిలో ఇంతమాత్రం తేడాలు రావచ్చునన్నాడు. లేత వయసులో గడ్డ కట్టకపోయి ఉండవచ్చునన్నాడు. ఒక నిప్పు వచ్చి వెళ్ళాక వీటిలో ఏవి చిగురిస్తాయో, ఏవి చస్తాయో చూస్తేగాని, చచ్చినవాటి గింజల్లోంచి మళ్ళీ అలాంటివే లేచి పూస్తేగాని ఏదీ తేల్చి చెప్పలేనన్నాడు. ఆయనన్నది అబద్ధం కాదు, నాన్నకీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీలోంచి బయటికి చూస్తూ, "అది వేరే జాతి అని నమ్మాలంటే అది కాలిపోవాలంట షమ్మూ," అన్నాడు. "అట్టాంటిది కోరుకోకూడదమ్మా," అని తనకి తనే చెప్పుకున్నాడు.

కొత్త శతాబ్దం వచ్చింది. ఏ కంప్యూటరుకీ మతి పోలేదు. అమ్మా వాళ్ళూ చేసిన పనివల్లే పోలేదని ఎవరూ అనలేదు, అంతా వట్టి గోలేనన్నారు. కొన్నాళ్ళు వేరే కంపెనీలో గడిచింది. తర్వాత బూమ్ గాలి తీసిన బుడగ అయింది. ఒక సాయంత్రం అమ్మ తన బల్ల మీది టీ కప్పు, నా ఫొటో, చిన్న కుండీ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చింది. మూర్తి అంకుల్ అంతకు ముందే తల్లిని తీసుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఇక ఆ గుడి దగ్గరికి పోవడానికి మాకు పని లేదు, అయినా నాన్న శనివారాలు మానలేదు.

ఆ ఎండాకాలమే గట్టు అంటుకుంది. ఎటునుంచి వచ్చిందో వచ్చింది, పడమటి గాలికి మంటలు కొండలు దాటి సముద్రం దాకా పరిగెత్తాయి. మూడు రోజులు సిడ్నీ ఆకాశం ఇటుక రంగులో ఉంది. ఆరేసిన బట్టల మీద మసిబొగ్గు ఆకులు రాలేవి. నాన్న ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని అంచు రాసి చూడబోతే పొడి అయిపోయింది. దారులు తెరిచాక అమ్మ, నాన్న, నేను ముగ్గురం వెళ్ళాం. గట్టు నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఒక పిట్ట లేదు, ఒక చీమ లేదు. వారం వారం వెళ్ళి చూశాం, మార్గరెట్ కూడా వచ్చేది. కొన్నాళ్ళకి మామూలు పొదల మొదళ్ళలో, నల్లటి గడ్డల మీద, ఆకుపచ్చ కుచ్చులు లేచాయి. నాన్నవి లేవలేదు. ఒక్కటి కూడా లేవలేదు. మార్గరెట్ నాన్న భుజం మీద చెయ్యి వేసి, "యూ వర్ రైట్, మస్టాన్. యూ వర్ రైట్ ఆల్ అలాంగ్," అంది. నాన్న ఎండుకాడ ఒకటి పట్టుకుని ఊపాడు. అది వేళ్ళతో సహా ఊడి వచ్చింది. తను గెలిచిన సంగతి అలా చేతికొచ్చింది ఆయనకి. ఆ రోజు ఆయన మొహం చూసి అమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది.

అయితే చచ్చేముందు అవి చెయ్యవలసింది చేశాయి. ఆ మంటకే వాటి కాయలు నోళ్ళు తెరిచి గింజలు విదిల్చాయి. చలికాలం ముందు వానలకి ఇసుకలోంచి మొలకలు వచ్చాయి, రెండాకులవి, గోరంతవి. నాన్న వాటి మధ్య నడవడానికి బూట్లు విప్పేవాడు. "పూతకి రావాలంటే ఆరేడేళ్ళు పట్టుద్ది. పూసి కాయ పట్టిందా, ఇంక దానికి ఢోకా లేదు," అనేవాడు. మార్గరెట్ అనుమతితో కొన్ని గింజలు తీసుకుని తన పెరట్లో తొట్లలో వేసింది, బాగానే లేచాయి. మరుసటి ఏడు ఆవిడ తుంటి విరిగి ఆస్పత్రిలో పడింది. ఆవిడ కొడుకు తల్లి మొక్కలు వాడిపోకూడదని పాపం శ్రద్ధగా రోజూ నీళ్ళు పోసి, కొట్లో దొరికే మామూలు ఎరువు కూడా వేశాడు. బ్యాంక్సియాలకి ఆ ఎరువు విషం. ఆవిడ ఇంటికొచ్చేసరికి తొట్లలో పసుప్పచ్చ పుల్లలున్నాయి. ఆ అబ్బాయిని ఏమీ అనొద్దని నాన్నే ఆవిడకి చెప్పాడు.

ఆ రోజుల్లోనే అమ్మకి ఉత్తరాన వందల మైళ్ళ దూరంలో ఉన్న టూవూంబాలో ఒక కంప్యూటర్ ఉద్యోగం దొరికింది, మంచిదే. ఆ రాత్రి వాళ్ళు మాట్లాడుకున్నది పక్క గదిలో నాకు వినపడింది. "మనం పోతే వాటిని ఎవరు చూస్తారు రజియా? ఒక్క పూత. ఒక్క పూత వస్తే చాలు," అన్నాడు నాన్న. "సరే, ఉందాం. నా కోసం నువ్వు ఊరు వదిలావు. నీ కోసం నేను ఊళ్ళో ఉండలేనా?" అంది అమ్మ. మర్నాడు ఫోన్ చేసి రానని చెప్పేసింది. వృద్ధుల హోమ్‌లో పక్కబట్టలు మార్చే పనికి కుదిరింది. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చేతులు బ్లీచ్ వాసన వేసేవి. నాన్న ఆ చేతులకి కొబ్బరినూనె రాసేవాడు.

రెండో నిప్పు పెద్దదేం కాదు, టీవీలో కూడా రాలేదు. ఎవరో దొంగిలించిన కారుని మట్టిబాట మొదట్లో వదిలి తగలబెట్టారు. ఆ మంట పొదల్లోకి పాకి గట్టెక్కింది. ఫైరింజన్లు వచ్చి మధ్యాహ్నానికల్లా ఆర్పేశాయి. ఇళ్ళకేం కాలేదు, ఎవరికీ ఏం కాలేదు. మేం వెళ్ళేసరికి నేల ఇంకా వెచ్చగా ఉంది. మోకాలెత్తు పెరిగిన పిల్లమొక్కలన్నీ పోయాయి. ఒక్కటీ పూతకి రాలేదు కాబట్టి ఈసారి విదల్చడానికి కాయలు లేవు. ఇసుకలో మిగిలిన గింజ అంటూ లేదు. నాన్న గట్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా వంగి వంగి వెతికాడు. అమ్మ బండ మీద కూర్చుంది. చివరికి నేనే వెళ్ళి, "నాన్నా, వానలకి చూద్దాం, మళ్ళీ మొలుస్తాయేమో," అన్నాను. "మొలవ్వమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "ఇంక మొలవడానికి ఏం లేదు." ఆ తర్వాత వానలకి మార్గరెట్ చేతికర్రతో వెళ్ళి వెతికింది. మామూలు పొదలు మళ్ళీ పచ్చగా లేచాయని ఫోన్‌లో చెప్పి పెట్టేసింది. తర్వాత చాలాకాలం బతకలేదావిడ. ఆ కుర్ర నిపుణుడు నిజంగానే బాధపడ్డాడు. నాలుగు రెమ్మలూ ఒక ఎండు పూవూ పెట్టుకుని కొత్త జాతి అని ప్రకటించడం కుదరదన్నాడు. అవి ఇప్పటికీ ఆ ఆఫీసులో ఏదో అరలో మామూలు బ్యాంక్సియా పేరు కిందే ఉండి ఉంటాయి.

టూవూంబాకి చివరికి వెళ్ళనే వెళ్ళాం. వదులుకున్న ఉద్యోగం ఇంక లేదు, అమ్మకి మరో చిన్నది దొరికింది, ఆస్పత్రి రిసెప్షన్‌లో. నాన్న సూపర్ మార్కెట్‌లో కూరగాయలు సర్దేవాడు. అమ్మ ఎన్నడూ ఆ పాత ఉద్యోగం సంగతి ఎత్తలేదు, అది ఎత్తకపోవడమే వాళ్ళిద్దరి మధ్యా ఇంట్లో తిరుగుతూ ఉండేది. టూవూంబా తోటల ఊరు. వసంతంలో ఊరంతా పూలే, బస్సులేసుకుని జనం వస్తారు. నాన్న వీధిలో తల వంచుకుని నడిచేవాడు. మంచం కింద పేపర్లు లేవు, ఇంట్లో ఆకుల వాసన లేదు. ఇవాళ ఆయేషా ఫోన్ ఏ కొమ్మకి చూపించినా క్షణంలో పేరు చెబుతుంది. ఆ గట్టు మీద కూడా చెప్పింది, సరిగ్గానే చెప్పింది. ఆ ఫోన్‌కి తెలిసినవే అక్కడ మిగిలాయి మరి. అప్పట్లో రెండు రెమ్మల తేడా కోసం మా ఇంట్లో ఇద్దరు మనుషులు తమ బతుకుల్ని పక్కన పెట్టారు. ఇప్పుడా తేడా ఈ లోకంలో నా బొటనవేలికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ వేలిని ఏ ఆకు మీద రాసి చూపించను?

ఆయేషాకి అప్పుడే మాటలు వస్తున్న రోజుల్లో సెలవులకి టూవూంబా తీసుకెళ్ళాను. సాయంత్రం పూట నాన్న దాన్ని ఎత్తుకుని పెరట్లో తిరుగుతున్నాడు. పక్కింటి కంచె మీదుగా ఒక కొమ్మ ఇటు వంగి ఉంది, దాని నిండా ఎర్రటి పూలు. పిల్ల దానికేసి వేలు చూపించి, "వాట్స్ దట్, తాతా?" అంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. నాన్న కొమ్మ వైపు చూశాడు. ఒక ఆకు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ట్రీ, అమ్మా," అన్నాడు.

పిల్ల "ట్రీ" అని అప్పజెప్పింది. నాన్న సరేనన్నట్టు తల ఊపి, దాన్ని లోపలికి తీసుకొచ్చి, తలుపు వేశాడు.